జానెడు టేపు

మొన్న తిరువళ్ళూరులో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళి జరిగింది. మండపంలో జనం ఇంకా కుదురుకోలేదు. మైకుసెట్టు అబ్బాయి ఒక తీగ తెచ్చి నల్లపెట్టెకు గుచ్చాడో లేదో, గుయ్‌మని ఒక హోరు మండపమంతా కమ్మేసింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. మేళగాళ్ళు మొహాలు చిట్లించారు. పెళ్ళివారి పెద్దాయన ఒకరు లేచి ఆ అబ్బాయిని కసిరారు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఆ హోరు చెవిన పడగానే, కాగిన రేడియో వెనకనుంచి వచ్చే దుమ్మువాసన, దాంతోపాటే గంజి పెట్టిన నూలు వాసన ముక్కుకు తగిలాయి. చేతిలోని కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి వేదిక దగ్గరికి పోయాను. "నాయనా, పిన్ను ఇంకా లోపలికి దిగల్యా. గట్టిగా గుచ్చు" అన్నాను. అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, నొక్కి గుచ్చాడు. హోరు ఆగింది. "పాటీకి ఇదంతా తెలుసే!" అన్నాడు. మా వైపు పిల్లలు అవ్వను పాటీ అనే పిలుస్తారు, తమిళమా తెలుగా అని చూసుకోరు. "మా మామ నేర్పించినాడులే" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. ఆ మామ ఎవరో ఆ సందడిలో చెప్పడానికి వీలు కాలేదు కాబట్టి ఇక్కడ చెప్తాను.

చెంగల్రాయ మామ నాకు రక్తసంబంధి కాడు. తిరుత్తణి పక్కన ఉన్న మా ఊరి నేతవీధిలో వాళ్ళది మాకు ఎదురిల్లు. పగలంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని చీరలు నేసే ఆ మనిషి, ఏటా అమ్మవారి జాతర వచ్చిందంటే చేతికి పసుపుదారం కాపు కట్టుకొని, గుడిముందరి పందిట్లో నిలబడి అమ్మ కథ చెప్పేవాడు. తెలుగులో చెప్పేవాడు. బడిలో తమిళం, బజారులో తమిళం, బస్సు బోర్డు మీద తమిళం. మా తెలుగుకంటూ ఊళ్ళో ఒక పందిరి పడేది ఆ జాతరకే. పూండి చెరువు పక్కనుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. మైకు పెట్టకముందు కాలంలో కూడా ఆయన గొంతు చివరి వరుసలో కూర్చున్న ముసలివాళ్ళకు వినిపించేదట. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవాడు కదా, దాన్ని దాటి మాట్లాడటం ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

కథ ఏమిటంటే, ఒక వానసాయంత్రం అమ్మవారు ముసలమ్మ వేషంలో మా నేతవీధికి వచ్చింది. ప్రతి గుమ్మం ముందరా నిలబడి, ఇంట్లో ఎవరున్నారు అని అడిగింది. అన్ని ఇళ్ళలోనూ మగ్గాలు ఆడుతున్నాయి, ఆ చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. చిట్టచివరి ఇంట్లో ఒక నేతగాడు మాత్రం మగ్గం ఆపి, "నేనుండాను తల్లీ" అని పలికాడు. ఆ ఒక్క పలుకు కోసం అమ్మ మా ఊళ్ళో నిలిచిపోయింది. కథకు ముందూ వెనకా ఎన్నో సంగతులున్నాయి, చెప్తూపోతే జాతర సాయంత్రాలన్నీ పడతాయి. కానీ నడుము అక్కడుంది, మొదటి సాయంత్రమే అది చెప్తారు. ఈ కథను కాగితం మీద పెట్టకూడదని మా వీధి కట్టుబాటు. ఒకరి నోటినుంచి ఒకరి చెవికి పోవాలి, అంతే.

అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. మద్రాసు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. ప్రాణమే నిలబడింది, గొంతు తిరిగి రాలేదు. ఇంటికి వచ్చాక ఆయన మాట్లాడితే ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు గుసగుస తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. కొడుకులిద్దరూ అంబత్తూరు ఫ్యాక్టరీల్లో పనికి కుదురుకున్నారు, వాళ్ళకు కథ మీద మనసు లేదు. ఊరి పెద్దాయన ఒకరోజు వచ్చి అరుగుమీద కూర్చుని, ఎంతో మర్యాదగానే చెప్పాడు: "చెంగల్రాయా, జాతర ఆగగూడదు గదప్పా. వచ్చే జాతరకు నీ తరువాత చెప్పే మనిషి లేకుంటే, కంచి పక్కనుంచి కథ చెప్పే ఆయన్ను పిలిపిస్తాం. ఆయన తమిళంలో శానా బాగా చెప్తాడంట." మామకు తమిళం మీద కోపమేమీ లేదు, తమిళ పేపరు రోజూ చదివే మనిషి. కానీ ఆ రోజు అన్నం ముట్టలేదు. "అమ్మ మన వీధిలో తెలుగులో అడిగింది. ఒకతూరి కథ ఆ పక్కకు పోయిందంటే మళ్ళీ రాదుమే" అని సరోజత్తతో గుసగుసగా అన్నాడు. సరోజత్త ఆయన భార్య. ఆమె నోరు మా వీధిలో అందరికీ భయం.

నేను అప్పుడు వాళ్ళింట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. స్కూలు ఫైనలు గట్టెక్కి, పెళ్ళి కుదిరేదాకా ఏదో ఒక పని అని అమ్మ పంపించింది. నా గొంతు సంగతి వీధంతా తెలుసు. అంగడికి పోయి ఉప్పు అడిగితే శెట్టి "ఏమమ్మా? ఏమమ్మా?" అని నా నోటిదగ్గరికి చెవి తెచ్చేవాడు. అలాంటి నన్ను పట్టుకొని అత్త ఒకరోజు మామతో అంది: "యాడో ఎతకతాండావు గానీ, ఈ పిల్ల కండెలు చుట్టుకుంటా నోట్లో నోట్లో నీ కథ చెప్పుకుంటాది, చూడలేదా నువ్వు? మాట మాట వస్తాది దీనికి." నిజమే. పాలు తాగే వయసునుంచి ఏటా విన్న కథ, రాకుండా ఎక్కడికి పోతుంది? మామ నా వైపు చూశాడు. నేను కండె కింద పడేసుకున్నాను. "ఆడపిల్లా?" అన్నాడు గుసగుసగా. "అడిగిన అమ్మ ఆడదే గదా, చెప్పేదానికేం వచ్చింది?" అని అత్త లోపలికి పోయింది. మామ కింద పడ్డ కండె తీసి నా చేతిలో పెట్టాడు, అలా నేనే అని తేలిపోయింది.

అయితే నేర్పడం ఎలా? నాకు కథ తెలుసు, చెప్పడం తెలియదు. ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ పెంచాలి, ఎక్కడ జనాన్ని ఏడిపించి వెంటనే నవ్వించాలి, అదంతా గొంతుతో చూపించాల్సిందే. ఆ గొంతే ఆయన దగ్గర లేదు. తిరుత్తణి స్టేషను దగ్గర మైకుసెట్టు దుకాణం పెట్టుకున్న దాము అన్నకు ఈ సంగతి తెలిసింది. ఆయన మామ కథకు పిచ్చి భక్తుడు. జాతరలకు మైకు పెడుతూ, తన సరదాకొద్దీ కథనంతా చక్రాల టేపు మీద పట్టిపెట్టుకున్నాడు. అప్పటికి క్యాసెట్లు వచ్చేశాయి, ఆ పెద్ద చక్రాల డెక్కు ఆయన దుకాణంలో లౌడుస్పీకర్ల కింద దుమ్ముపట్టి పడుంది. దాన్నీ టేపు చుట్టలనూ గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చి, "మామా, నీ సొత్తు నీ ఇంట్లోనే ఉండనీ" అని పెట్టి, ఏదో పెళ్ళికి పందిరి కట్టాలని పరుగు తీశాడు.

ఊరి పెద్దాయన చెవిన ఇది కూడా పడింది. "డబ్బాలో పెట్టినా కాగితం మీద పెట్టినట్టే గదా చెంగల్రాయా? కట్టుబాటు తప్పినట్టు కాదా?" అని అడిగాడు. మామ ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పాడు: "కాగితాన్ని కన్ను చూస్తాది. దీన్ని చెవే ఇనల్ల. నోటినుంచి చెవికేగదా పోతా ఉండేది?" పెద్దాయన తల గోక్కుని వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం డెక్కును పీటమీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, కరెంటు ఇచ్చాం. చక్రాలు గిర్రున తిరిగాయి. టేపు ఈ చక్రంనుంచి ఆ చక్రానికి సాఫీగా పోతోంది, సరిగ్గా రాట్నం మీద నూలు పోయినట్టు. కానీ మాట లేదు. చెవి ఆనించి చూశాం, పక్కనుంచి తట్టి చూశాం. గాలి కూడా పలకలేదు. అత్త నడుముమీద చెయ్యి పెట్టుకొని, "బాగుండాది. ఇంట్లో గొంతుపోయినోళ్ళు ఇద్దరైరి" అంది. మామ నవ్వాడు. ఆపరేషన్ తరువాత ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. నవ్వుకూడా గాలిలాగే వచ్చింది.

మర్నాడు తిరుత్తణికి పోయి అడిగితే దాము అన్న నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, దానికి నోరు లేదు మామా! ఉత్త డెక్కు అది. పట్టిపెట్టుకుంటాది, అంతే. పలికేదానికి ఇంకోటి కావల్ల. నీ ఇంట్లో పెద్ద రేడియో ఉండాది గదా, దాని ఎనకాల పాటల ప్లేటు బొమ్మ ఏసిన రెండు బొక్కలుంటాయి. డెక్కునుంచి తీగ తెచ్చి ఆడ గుచ్చితే రేడియో నోటితో ఇది మాట్లాడతాది" అన్నాడు. ఆ తీగ తిరుత్తణిలో దొరకదు, తిరువళ్ళూరు బజారులో దొరుకుతుంది. మామ నన్ను వెంటబెట్టుకొని అరక్కోణంలో బండి మారి తిరువళ్ళూరు తీసుకుపోయాడు.

ఆ తిరువళ్ళూరు ప్రయాణమే నాకు మొదటి పాఠం అని తరువాత ఎప్పటికో అర్థమైంది. రేడియో సామాన్ల అంగడి నిండా జనం. నేను మామను ముందుకు పొమ్మన్నాను. ఆయన కదలలేదు. నా వెనక నిలబడి, "నాకు గొంతు లేదు. నువ్వు అడుగు" అన్నాడు. నేను అడిగాను. కౌంటరు వెనక మనిషి తలెత్తనైనా లేదు. మళ్ళీ అడిగాను. నా తరువాత వచ్చినవాళ్ళు కూడా సామాను కొనుక్కొని పోతున్నారు. ఏడుపు వచ్చేసింది. "మామా, పోదాం పదండి" అన్నాను. ఆయన నా చెవి వెనకనుంచి అన్నాడు: "ఇక్కడినుంచి మూడో అంగడి దాకా ఇనపడల్ల. ఇనపడిందాకా ఈడే నిలబడదాం. నాకేం పనుండాది?" కోపం వచ్చింది నాకు. ఆ మొండితనం మీద వచ్చిన కోపంతోనే నోరు తెరిచి, తమిళంలో, "అణ్ణా! టేప్ డెక్కుక్కు ఒయర్ ఇరుక్కా!" అని అరిచాను. అంగడి మొత్తం తిరిగి చూసింది. పక్కన గడియారాలు బాగుచేసే మనిషి కూడా తల బయటికి పెట్టాడు. కౌంటరు వెనక మనిషి, "ఇరుక్కుమ్మా, ఎదుక్కు కత్తరే?" అని, ఉంది, ఎందుకా కేక అని నవ్వుతూ తీగ తీశాడు. మామ నా వీపు తట్టాడు. "రెండో అంగడి దాకా పోయింది. బాగుండాది, ఇంకొక అంగడే తక్కువ" అన్నాడు. నాకు సిగ్గేసి, తీగ తీసుకొని ముందు నడిచాను.

ఆ తీగకు ఒక కొనన డెక్కులో దిగే గుండ్రటి పిన్ను ఉంది. రెండో కొన మొండిగా ఉంది, రేడియోకు తగ్గట్టు మేమే చేసుకోవాలి. మామ తీగమీది తొడుగు చెక్కి చూశాడు. మధ్యలో ఒక సన్నని తీగ, దానిచుట్టూ రాగిపోగులతో అల్లిన వలలాంటి జాలి. ఆయన దాన్ని వేళ్ళమధ్య తిప్పితిప్పి చూశాడు. "చూడుమే, ఇది కూడా ఎవురో నేసిందే" అన్నాడు మురిసిపోతూ. జాలిని విప్పి, మగ్గం మీద పోగులు సర్దినంత ఓపికగా పురి పెట్టాడు. నడితీగనూ జాలి పురినీ రేడియో వెనక రెండు బొక్కల్లో దోపి, కదలకుండా అగ్గిపుల్లలు బిగించాం. కరెంటు ఇచ్చాం. డెక్కు తిప్పాం. రేడియో కాగడానికి కొంచెంసేపు పట్టింది. తరువాత గొంతు వచ్చింది. మగ గొంతే. తమిళంలో, వరికి యూరియా ఎప్పుడు చల్లాలో చెప్తోంది.

"మీ మామ ఎప్పుడుమే యూరియా కథ చెప్పినాడు?" అని అత్త విరగబడి నవ్వింది. రేడియో ముందరి మర కూడా ప్లేటు బొమ్మ దగ్గరికి తిప్పాలని మాకు తట్టలేదు. తిప్పాం. ఇప్పుడు యూరియా పోయి హోరు వచ్చింది. గుయ్‌మని ఇల్లంతా. దాని అడుగున ఎక్కడో, నూతిలోనుంచి పిలిచినట్టు, మాటలు. మామ కళ్ళు మూసుకొని విన్నాడు. లేచి రేడియో వెనక్కి పోయి, "కంగారు పడొద్దు. మాట యాడనుంచి వస్తా ఉండాది, యాడికి పోతా ఉండాది? అది చూసుకుంటే చాలు. మాట నడితీగలో గదా పోయేది, జాలి దానికి కాపలా. మనం కాపలావాడిని లోపలికి పంపించి, మాటను గుమ్మం బయట నిలబెట్టినాం" అన్నాడు. కొనలు మార్చి గుచ్చాం. హోరు తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలోనుంచి మామ గొంతు వచ్చింది, కానీ చిన్నపిల్లవాడి గొంతులా కీచుకీచుమని, ఎవరో తరుముతున్నట్టు. ఈసారి ముగ్గురం నవ్వాం. డెక్కుకు వేగం మార్చే మీట ఉంది, మామే దాన్ని కిందికి నొక్కాడు.

అప్పుడు ఆయన వచ్చాడు. నిండుగా, బరువుగా, పందిరి చివరిదాకా పోయే ఆ గొంతు, మా చిన్న నడవలో. గోడమీద వేలాడే నూలుచుట్టలు అదిరినట్టనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. అత్త నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ లేచిపోయి మగ్గం గుంతలో కూర్చున్నాడు, మావైపు వీపు పెట్టి. పోగు వేసే నాడె చేతిలో పట్టుకున్నాడు కానీ వేయలేదు. ఆ టేపు అయిపోయి కొన చక్రంతోపాటు టపటప కొట్టుకునేదాకా అలాగే ఉన్నాడు. తరువాత వచ్చి, డెక్కు ఆపి, "ఎవురో తెలిసినోడి గొంతు మాదిరి ఉండాది" అన్నాడు. అత్త ఆయన భుజంమీద చెయ్యి వేసింది. వాళ్ళిద్దరూ మరొకరి ఎదుట అలా నిలబడటం అంతకుముందు నేను చూడలేదు.

ఆ రోజునుంచి సాధన మొదలైంది. పని ముగిసి దీపాలు పెట్టేలోపల కూర్చునేవాళ్ళం. టేపులో ఆయన చెప్తుంటే ఆ గొంతుతోపాటు నేను చెప్పాలి. ఆయన పక్కన కుర్చీ వేసుకొని, చెయ్యి రేడియో గొంతు పెంచి తగ్గించే మరమీద పెట్టుకొని కూర్చునేవాడు. మొదట్లో టేపు గొంతులో నేను మునిగిపోయేదాన్ని. రోజులు గడిచేకొద్దీ ఆయన ఆ మరను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాడు, నాకు తెలియకుండానే. ఒకరోజు మా అమ్మ వీధి అవతలనుంచి, "ఎవురే ఆ కథ చెప్తా ఉండేది?" అని కేకవేసింది. చూస్తే రేడియో దాదాపు మూగపోయి ఉంది. నడవలో వినిపిస్తున్నది నా గొంతే. మామ పిల్లాడిలా నవ్వుతూ నావైపే చూస్తున్నాడు. ఇంకెవరైనా అయితే గొంతు పెంచమని నన్ను తిట్టి ఉండేవారు. ఆయన తన గొంతు తగ్గించుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎందరికో కథ నేర్పాను, ఆ ఓపిక మాత్రం నాకు సగం కూడా రాలేదు. ఊరికే కసిరేస్తాను.

జాతర దగ్గరపడుతుండగా టేపు తెగింది. నేనూ మామా గుడికి పోయి ఉన్నాం. అత్త పనిచేసుకుంటూ వినాలని డెక్కు పెట్టుకుంది, ఎక్కడో పట్టుకొని పటుక్కున తెగింది. నేతింటి ఆడది. తెగిన పోగు కనిపిస్తే అతకకుండా ఉండగలదా? చిన్నప్పటినుంచి వేలకు వేల పోగులు అతికిన చెయ్యి. రెండు కొనలూ కలిపి, పురివేసి, గంజి రాసి, ఉఫ్ అని ఊది ఆరబెట్టి, మళ్ళీ పెట్టేసింది. మేము వచ్చేసరికి అతుకు డెక్కులో ఇరుక్కుని, ఒక జానెడు టేపు నలిగి ముద్దయిపోయి ఉంది. కబురు పెడితే దాము అన్న వచ్చి చూసి నోరు తెరిచాడు. "అక్కా, దీన్ని పోగనుకున్నావా?" అన్నాడు. "మరి ఏందనుకోమంటావు? సన్నగుండాది, పొడుగుండాది, తెగింది" అంది అత్త, నలిగిన టేపును వేళ్ళతో సరిచేస్తూ. దాము అన్న నలిగిన జానెడూ కత్తిరించి పారేసి, కొనలు ఏటవాలుగా కోసి, తన దగ్గరి అంటుపట్టీతో అతికాడు.

పెట్టి విన్నాం. "ఇంట్లో ఎవురుండారు నాయనా?" అని అమ్మ అడిగింది. ఆ వెంటనే వానవెలిసి తెల్లారిన ముచ్చట వచ్చేసింది. నడుమ మాట లేదు. ఎన్ని మాటలున్నాయి కథలో! పోయి పోయి ఆ ఒక్క పలుకే పోయింది. అత్త అక్కడే గోడకు ఆనుకొని కూలబడి, "ఆయన గొంతును నా చేత్తో తెంపితిని" అని ఏడ్చింది. ఆమె ఏడవగా చూసి నాకు భయమేసింది. మామ ఆమె ముందర కూర్చుని, ఆ గుసగుసతో ఏమేమో చెప్పాడు, నాకు సరిగ్గా వినిపించలేదు. తరువాత నావైపు తిరిగి, "మళ్ళీ పెట్టు" అన్నాడు. పెట్టాను. టేపులో అమ్మ అడిగింది. మామ చెయ్యి చాచి డెక్కు ఆపి, కుర్చీలోనుంచి, తన ఉన్న గొంతుతో, "నేనుండాను తల్లీ" అన్నాడు. మళ్ళీ డెక్కు నడిపాడు. ఆ తరువాత రోజూ అలాగే జరిగింది. నేను అమ్మ ప్రశ్న అడిగి ఆగేదాన్ని. ఆయన గుసగుసగా పలికేవాడు. నేను సాగేదాన్ని.

జాతర మొదటి సాయంత్రం. పెద్దాయన తేల్చి చెప్పాడు: ఈ పిల్ల ఈ ఒక్క పూట చెప్పనీ, జనం కూర్చుంటే సరి, లేచిపోతే కంచికి కబురు పోతుంది. నాకు కాపు కట్టారు. మైకు దాము అన్నదే. ముందు వరుసలో మామా, అత్తా. పందిట్లో గుసగుసలు, "ఆడపిల్లంట", "ఉప్పడిగితేనే దాని గొంతు ఇనపడదు" అని. మామ నాకేసి చూసి మూడు వేళ్ళు చూపించాడు. మూడో అంగడి దాకా. నోరు తెరిచాను. ఎట్లా మొదలుపెట్టానో నాకు గుర్తులేదు. వానలో ముసలమ్మ వీధిలోకి వచ్చేసరికి పిల్లల అల్లరి ఆగింది. ఒక్కో గుమ్మం ముందర నిలబడి అడుగుతుంటే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. చివరి ఇంటికి వచ్చాను. "ఇంట్లో ఎవురుండారు నాయనా?" అని అడిగాను.

అడిగి, ఆగాను. అలవాటు. నా చెవి మామ గుసగుస కోసం చూసింది. ముందు వరుసలో ఆయన పెదవులు కదిలాయి. అంత పందిట్లో, అంత దూరంనుంచి ఆ గాలి నాదాకా రాలేదు. ఆ మాట నాకు రాక కాదు, నోటి కొనమీదే ఉంది. కానీ ఆయన పలికాకే కదా నేను సాగాలి? పెద్దాయన కదిలి కూర్చున్నాడు. పిల్ల మరిచిపోయిందని ఎవరో అన్నారు. మామ మళ్ళీ పెదవులు కదిపాడు. మెడనరాలు తేలాయి, ముఖం ఎర్రబడింది. మాట రాలేదు. నేను ఆయన్నే చూస్తూ నిలబడిపోయాను.

అప్పుడు సరోజత్త లేచి నిలబడింది. ఆయన భుజంమీద చెయ్యి వేసి, వీధి కొనదాకా వినిపించే ఆ గొంతుతో, "ఉండాడు తల్లీ! ఈడే ఉండాడు!" అని అరిచింది.

తరువాత వెనకనుంచి ఎవరో ముసలాయన, "ఉండాము తల్లీ" అన్నాడు. ఆ పక్కన ఇంకొకరు. ఆడవాళ్ళు, పిల్లలు, నా గొంతును వెక్కిరించినవాళ్ళు, పందిరంతా, "ఉండాము తల్లీ" అంది. పెద్దాయన కూడా అన్నాడు, నేను చూశాను. మామ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను కథ సాగించాను. కంచికి కబురు పోలేదు.

మామ ఆ తరువాత ఇంకొన్ని జాతరలు చూసి పోయాడు. ఆయన పోయిన ఏడు, ఆ చోటికి వచ్చినప్పుడు నాకు భయమేసింది, ఆ ప్రశ్న అడగాలా వద్దా అని. అడిగాను. ముందు వరుసలో ఖాళీ కుర్చీ పక్కన ఒక్కతే కూర్చున్న అత్త లేచి నిలబడి, "ఉండాడు తల్లీ" అంది. ఎప్పటిలాగే, అంత గట్టిగానే. ఆ వెనకే వీధంతా పలికింది. ఇప్పుడు అత్త కూడా లేదు. డెక్కు మా ఇంట్లో ఉంది, తిరగదు. రేడియో పోయింది, అగ్గిపుల్లలు బిగించిన ఆ తీగ మాత్రం ఉంది. మా వీధిలో మగ్గాలు కూడా చాలావరకు ఆగిపోయాయి. నా దగ్గర నేర్చుకుంటున్న పిల్లకు తెలుగు అక్షరాలు రావు, తమిళమే చదువుతుంది. కథకు అక్షరాలతో పని లేదు కాబట్టి ఇబ్బంది లేదు. మొన్న అది అడిగింది, "పాటీ, ఆడ అంతసేపు ఎందుకు ఆగల్ల? జనం పలక్కుంటే ఏం చేయల్ల?" అని.

"పలుకుతారు, ఆగు" అన్నాను. తెగిపోయిన ఆ జానెడు టేపులో ఏముండేదో నాకు తెలుసు. ఇన్ని జాతరల్లో ఆ మాట నేను చెప్పాల్సిన పని ఒక్కసారి కూడా పడలేదు.